నీళ్ల కోసం ఆగిన రైలు

రాయలసీమలో నీళ్ల వల్ల పచ్చబడ్డ ఊళ్లు తక్కువ. నీళ్ల వల్ల రైలు ఆగి, ఆ ఆగడం వల్ల పెరిగిన ఊరు మాత్రం ఒకటుంది. అది మా అమ్మ పుట్టిల్లు నందలూరు.

తెలుగునాట కోడూరు పేరుతో చాలా ఊళ్లున్నాయి. ‘రైల్వే కోడూరు’ అంటే మాత్రం ఎవరూ పొరబడరు. అరటి, మామిడి, బొప్పాయి తోటల ఊరు. రైల్వేని ఇంటిపేరులా ముందు పెట్టుకున్న ఊరు. అక్కణ్నుంచి కడప వైపు వెళితే రాజంపేట దాటాక నందలూరు వస్తుంది. ఈ ఊరి పేరు ముందు రైల్వే అని లేదు. కానీ మా చిన్నప్పుడు ‘మీ తాతగారి ఊరేది’ అని ఎవరైనా అడిగి, మేం నందలూరు అని చెబితే, పెద్దవాళ్ల నోటి నుంచి వెంటనే వచ్చే మాట ఒక్కటే.. ‘ఓహో, లోకోషెడ్డు ఊరా!’

నిజానికి నందలూరుకు చెప్పుకోవడానికి వేరే గొప్పలు లేక కాదు. చెయ్యేటి ఒడ్డున సౌమ్యనాథస్వామి గుడి ఉంది. చోళుల నాటి నుంచి విజయనగరం దాకా ఎందరో రాజుల శాసనాలు దాని గోడల మీద ఉన్నాయి. అన్నమయ్య పుట్టిన తాళ్లపాక కూడా ఎంతో దూరం కాదు. అయినా జనం నోట్లో నానింది మాత్రం బొగ్గు, పొగ, ఇంజను కూత. ఎందుకలాగ? తెలుసుకోవాలంటే నూటయాభై ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

పదిహేనేళ్ల ప్రయాణం

దక్షిణ భారతంలో మొదటి ప్రయాణికుల రైలు 1856 జులై 1న మద్రాసులోని రాయపురం నుంచి ఆర్కాటు వైపు కదిలింది. అప్పటికే తెల్లదొరల మనసులో ఇంకో పెద్ద దారి ఉంది. మద్రాసును, బొంబాయిని కలపాలి. అటునుంచి గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే, ఇటునుంచి మద్రాసు రైల్వే పట్టాలు పరుచుకుంటూ వచ్చాయి. 1862కల్లా మద్రాసు వైపు పట్టాలు రేణిగుంట చేరాయి. అక్కణ్నుంచి శేషాచలం అడవుల అంచు పట్టుకుని కడప మీదుగా పైకి సాగాయి. చివరికి 1871లో రాయచూరు దగ్గర రెండు దారులూ కలిశాయి. రాయపురంలో మొదటి కూత వినిపించిన పదిహేనేళ్లకు మద్రాసులో ఎక్కిన మనిషి బొంబాయిలో దిగగలిగాడన్నమాట.

ఆ దారిలో స్టేషన్ల పేర్లు మా అమ్మకు ఇప్పటికీ ఎక్కాల్లా నోటికొచ్చు. రేణిగుంట నుంచి మొదలుపెట్టి మామండూరు, బాలపల్లె, శెట్టిగుంట, కోడూరు, ఓబులవారిపల్లె, పుల్లంపేట, రాజంపేట, హస్తవరం, నందలూరు, ఒంటిమిట్ట, భాకరాపేట, కడప. పాసింజరు బండిలో కిటికీ పక్కన కూర్చుని తను నేర్చుకున్న భూగోళం అది. మాకూ అలాగే నేర్పింది. ఎక్స్‌ప్రెస్‌లో తిరిగేవాళ్లకు ఈ పేర్లలో సగం తెలియవు. తెలియాల్సిన అవసరమూ రాదు.

రైలుదారి పూర్తయిన ఐదేళ్లకే సీమకు గడ్డుకాలం వచ్చింది. 1876లో వానల్లేవు. మరుసటేడూ అంతే. అదే ధాత కరువు. ధాత నామ సంవత్సరంలో వచ్చింది కనుక ఆ పేరు. కడప, కర్నూలు, బళ్లారి ప్రాంతాల్లో ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. ఆ కరువులో రైలు ధాన్యం మోసింది. మద్రాసు రేవులో దిగిన బియ్యం ఈ పట్టాల మీదుగానే పైకి వచ్చాయి. కానీ రైలు స్టేషను దాకానే కదా! అక్కణ్నుంచి పల్లెలకు చేర్చాల్సింది ఎద్దులబండి. మేత లేక ఎద్దులు చచ్చిపోతుంటే బండి లాగేదెవరు? కర్నూలు పట్టణానికైతే అప్పటికి రైలే లేదు. గుత్తిలో దింపుకుని బండ్ల మీద తోలుకోవాలి. స్టేషను ఎంత దూరంలో ఉందన్నది అప్పట్లో సౌకర్యం లెక్క కాదు. ప్రాణం లెక్క.

ఆ గుణపాఠం వల్లే కరువు సీమల్లో కొత్త రైలుదారులు వేయాలని ప్రభుత్వం తలపెట్టింది. గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా నల్లమల అడవిని దాటుకుని బెజవాడ వైపు వెళ్లిన మీటరుగేజి లైను అలా వచ్చిందే. 1890 నాటికి ఆ దారి సిద్ధమైంది. కరువు మిగిల్చిన కొద్దిపాటి మేళ్లలో అదొకటి.

ఇంజనుకు దాహమేస్తే..

ఇక నందలూరు కథకు వద్దాం. బొగ్గు ఇంజను బొగ్గుతో నడుస్తుందని అందరికీ తెలుసు. కానీ బొగ్గుకన్నా దానికి ఎక్కువ కావాల్సింది నీళ్లు. బొగ్గు మండితే నీళ్లు మరిగి ఆవిరవుతాయి. ఆ ఆవిరే చక్రాలను తిప్పుతుంది. తిప్పిన ఆవిరి ‘ఛుక్‌ఛుక్’మంటూ పొగగొట్టంలోంచి గాల్లో కలిసిపోతుంది. అంటే ఇంజను తాగిన నీళ్లన్నీ గాల్లోకే! అందుకే పెద్ద ఇంజను వెనక వేల గ్యాలన్ల నీళ్లతొట్టి ఉండేది. అంత ఉన్నా కొన్ని గంటల పరుగుకే ఖాళీ. దారిలో మళ్లీమళ్లీ పట్టాల్సిందే.

పోనీ ఏ నీళ్లయినా సరిపోతాయా అంటే అదీ కాదు. సీమలో చాలాచోట్ల బావినీళ్లు చవుడు. మన ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పొర పేరుకుంటుంది చూడండి.. బాయిలరు గొట్టాల్లోనూ అంతే. పొర మందమయ్యేకొద్దీ వేడి నీళ్లకు అందదు. బొగ్గు దండగ. ముదిరితే గొట్టాలే పాడవుతాయి. కాబట్టి రైలుకు నీళ్లు కావాలి, అవీ మంచినీళ్లు కావాలి. ఈ ఎండసీమలో అలాంటి నీళ్లు ఎక్కడున్నాయి? చెయ్యేటి ఇసుకలో. ఏరు పైకి ఎండినట్టే కనిపించినా చెలమ తీస్తే తియ్యటి నీళ్లు ఊరేవి. ఇంజన్ల షెడ్డు నందలూరులో పెట్టడానికి ఆ నీళ్లే కారణమని ఊరి పెద్దలు చెబుతారు.

మా తాత ఆ షెడ్డులో ఖలాసీ. ఇంజను తిరిగొచ్చాక దాన్ని కడగడం, తుడవడం, బూడిద గుంతలో నిప్పులు దులపడం, మళ్లీ ప్రయాణానికి సిద్ధం చేయడం.. ఇవీ పనులు. నీళ్లు పట్టే గొట్టం గురించి ఎన్నిసార్లు చెప్పేవాడో! ప్లాట్‌ఫారం చివర ఏనుగు తొండంలా వంగి ఉండేదట. దాన్ని తిప్పి తొట్టి మీదికి తెచ్చి చక్రం తిప్పితే నీళ్లు దబదబా పడేవట.

‘‘ఇంజను ఏనుగు మాదిరి రా. నీళ్లు సూపిస్తే నిలబడ్తాది. లేకుంటే ఎవురి మాటా ఇనదు’’ అనేవాడు తాత.

బండి ఆగిందంటే ఊరికే రెండు నిమిషాలు ఆగడం కాదు. నీళ్లు పట్టాలి. నిప్పు సరిచేయాలి. ఒక్కోసారి ఇంజనునే మార్చాలి. డ్రైవరు, ఫైర్‌మన్ దిగిపోయి వేరేవాళ్లు ఎక్కాలి. ఈలోగా ప్రయాణికులు కిందికి దిగి ఒళ్లు విరుచుకునేవారు. ఇడ్లీ పొట్లాలు, వేరుశనగకాయలు, కాఫీ అమ్ముడుపోయేవి. కూజాల్లో నీళ్లు నింపుకునేవారు. ఇంజను దాహం తీరేలోపు ఊరికి నాలుగు డబ్బులు రాలేవి.

షెడ్డు కూత.. ఊరి గడియారం

రైలు వల్ల ఊరు బతకడమంటే పొట్లాలు అమ్ముకోవడం ఒక్కటే కాదు. షెడ్డంటే ఒక చిన్న కార్ఖానా. ఫిట్టర్లు, బాయిలరు పనివాళ్లు, ఫైర్‌మన్లు, డ్రైవర్లు, గార్డులు, పాయింట్స్‌మన్లు.. వీళ్లందరికీ క్వార్టర్లు. ఏరు నమ్ముకుని సేద్యం చేసే కుటుంబాల నడుమ నెల తిరిగేసరికి జీతం చేతికొచ్చే కుటుంబాలు వెలిశాయి. వానలు పడినా పడకపోయినా ఆగనిది జీతం. సీమలో దాని విలువ సీమవాళ్లకే తెలుసు. జీతాల రోజున అంగళ్లు కళకళలాడేవని, అరువు ఖాతాలు ఆ సాయంత్రానికి తీరిపోయేవని అవ్వ చెప్పేది. కూరగాయల అంగడివాళ్లు సైతం తిథులకన్నా జీతాల తేదీలే బాగా గుర్తుపెట్టుకునేవారట.

మద్రాసు రైల్వే 1908లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అయింది. 1951లో దక్షిణ రైల్వే అయింది. 1977లో గుంతకల్లు డివిజన్ దక్షిణమధ్య రైల్వేలోకి వచ్చింది. తాత ఉద్యోగంలో చేరినప్పుడు ఒక రైల్వే, దిగిపోయినప్పుడు ఇంకో రైల్వే. ఆయనకు తేడా ఏం కనిపించిందని అడిగితే, ‘‘చొక్కా గుండీల మింద అచ్చరాలు మారినాయంతే’’ అని నవ్వేవాడు.

అవ్వకు మాత్రం రైల్వే అంటే రెండు విషయాలు. ఒకటి, ఉతికి ఆరేసిన చీరల మీద పడే మసి. రెండోది, షెడ్డు బయట పారబోసిన బూడిదలో మిగిలిన బొగ్గు ముక్కలు. పొద్దున్నే ఆడవాళ్లు గంపలతో వెళ్లి అవి ఏరుకొచ్చేవారు. సగం కాలిన ఆ ముక్కలతో కుంపటి రాజేస్తే ఒక పూట వంట అయిపోయేది. ‘‘మసి పోసింది ఆ ఇంజనే, అన్నం వండింది ఆ ఇంజనే. దాన్ని తిట్టేకి నోరెట్లొస్తాది?’’ అనేది.

అప్పట్లో ఒంటిలైను. ఎదురుబండి రాకుండా స్టేషను మాస్టరు ఇచ్చే ఇనుప గుండే డ్రైవరుకు అనుమతి పత్రం. దాన్ని సంచిలో వేసి పేము రింగుకు కట్టి ఇచ్చేవారు. బండి ఆగకుండా పోతుంటే పాయింట్స్‌మన్ ఆ రింగును చేత్తో ఎత్తి పట్టుకునేవాడు. ఇంజనులోంచి ఫైర్‌మన్ చెయ్యి చాచి అందుకునేవాడు. ఊళ్లోని మగపిల్లలందరికీ ఆ పాయింట్స్‌మనే మొదటి హీరో అని మా మామ చెప్పేవాడు.

పాసింజరు బండిలో ప్రపంచం

పెద్ద బండ్ల కథ అలా ఉంచితే, ఈ ఊళ్లను నిజంగా కలిపి ఉంచింది పాసింజరు. మా చిన్నతనంలో అరక్కోణం పాసింజరంటే కదిలే సంతే. కోడూరులో అరటిగెలలు, మామిడి గంపలు ఎక్కేవి. తమలపాకుల కట్టలు తడిగుడ్డల్లో చుట్టుకుని వచ్చేవి. తిరుపతికి గుండు కొట్టించుకునేందుకు వెళ్లే కుటుంబాలు, కొట్టించుకుని చందనం పూసుకుని వచ్చే కుటుంబాలు ఎదురుబొదురుగా కూర్చునేవి. కడప కోర్టుకు వాయిదాకు పోయేవాళ్లు ఒకవైపు, పరీక్షలకు పుస్తకం తెరిచిన కాలేజీ పిల్లలు ఇంకోవైపు. పెళ్లి సంబంధాలు కూడా ఆ బెంచీల మీదే కుదిరేవి. ఎదురుగా కూర్చున్న పిల్ల కోడూరు నుంచి రాజంపేట దాకా ఎలా మాట్లాడిందో చూస్తే ఇక పెళ్లిచూపులెందుకు!

బస్సులో డ్రైవరు తొందరపెడతాడు. పాసింజరులో ఎవరికీ తొందర లేదు. ముసలమ్మ మెట్టెక్కలేకపోతే లోపలివాళ్లు ఇద్దరు చెయ్యందిస్తారు. టికెట్టు కూడా బస్సుకన్నా తక్కువ. రోజుకూలి చేసుకునే మనిషి సైతం ఆసుపత్రికో, చుట్టాలింటికో వెళ్లగలిగాడంటే ఆ బండి వల్లే.

అదే ప్లాట్‌ఫారం నుంచి ఇంకో ప్రపంచానికీ దారి పడింది. 1970ల నుంచి రాజంపేట, నందలూరు, కోడూరు, రాయచోటి వైపు మనుషులు గల్ఫ్ బాట పట్టారు. మరీ ముఖ్యంగా కువైట్‌కు. అప్పట్లో విమానం ఎక్కాలంటే బొంబాయికి పోవాలి. బొంబాయికి పోవాలంటే ఈ రైలే. పొలం కుదువబెట్టి, పుస్తెలతాడు అమ్మి ఏజెంటుకు కట్టిన డబ్బు ఒక ఎత్తు. స్టేషన్లో బండి కదిలేటప్పుడు కిటికీ పట్టుకుని పరిగెత్తిన తల్లుల ఏడుపు ఒక ఎత్తు. ఈ లైనులో బొంబాయి బండి చూసినన్ని కన్నీళ్లు ఇంకే బండీ చూసి ఉండదు.

మా మామ అలా వెళ్లినవాడే. కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించాయి. ఉత్తరాలు లేవు. ఫోన్లు లేవు. తాత రేడియో ముందు నుంచి లేచేవాడు కాదు. అక్కడి మనవాళ్లు బస్సులు పట్టుకుని బాగ్దాద్ మీదుగా జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరుకుంటున్నారని, ఎయిరిండియా విమానాలు వాళ్లను బొంబాయికి తెస్తున్నాయని వార్తలు వచ్చేవి. రెండు నెలల్లో దాదాపు లక్షా డెబ్బై వేల మందిని అలా తీసుకొచ్చారు. వాళ్లలో మామ ఉన్నాడో లేడో తెలియదు.

ఆ ఏడాదే నేను పుట్టాను. అమ్మ నెలల బిడ్డనైన నన్నెత్తుకుని పుట్టింట్లోనే ఉంది. అవ్వ రోజూ బొంబాయి నుంచి వచ్చే బండి వేళకు స్టేషనుకు వెళ్లేదట. దిగినవాళ్లందరినీ చూసి ఇంటికి వచ్చేది. ఎవరైనా గల్ఫ్ మనిషి దిగితే మామ పేరు చెప్పి అడిగేది. స్టేషను సిబ్బందికి ఆమె అలవాటైపోయింది. బండి ఆలస్యమైతే వాళ్లే కబురు చెప్పి కూర్చోబెట్టేవారు. సెప్టెంబరు చివర్లో ఒకరోజు గడ్డం పెరిగిన మనిషి ఒకడు చేతిలో ప్లాస్టిక్ సంచితో దిగాడు. అవ్వ ఆనవాలు పట్టలేదు. అతన్ని దాటుకుని వెనక పెట్టె వైపు పోతుంటే ‘‘అమ్మా!’’ అన్నాడట. సంచిలో రెండు చొక్కాలు, పాస్‌పోర్టు తప్ప ఇంకేం లేవు.

తరవాతెప్పుడో ఇంటికొచ్చిన చుట్టాలెవరో, అప్పులు తీరకుండానే తిరిగొచ్చాడే అని జాలిపడితే అవ్వ అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ సామెతలా వాడతాం. ‘‘బండి ఆగె, మనిషి దిగె. ఇంగేం కావల్ల?’’

దాహం లేని ఇంజన్లు

నాకు ఊహ తెలిసేనాటికి బొగ్గు ఇంజన్లు లేవు. డీజిల్ ఇంజన్లు ఎప్పుడో వచ్చేశాయి. దేశం మొత్తమ్మీద బ్రాడ్‌గేజిలో బొగ్గు ఇంజన్ల కాలం 1995తో ముగిసిపోయింది. డీజిల్ ఇంజను ఒకసారి ట్యాంకు నింపుకుంటే వందల కిలోమీటర్లు పోతుంది. నీళ్ల తొట్టి అక్కర్లేదు. నిప్పు సరిచేయక్కర్లేదు. బూడిద లేదు, ఖలాసీ లేడు. ఆ తరవాత రెండో లైను పడింది, కరెంటు తీగలు వచ్చాయి. కరెంటు ఇంజనుకైతే డీజిల్ బెంగ కూడా లేదు.

రైల్వేకు ఇదంతా లాభమే. పొగ లేదు, వేగం పెరిగింది, ఖర్చు తగ్గింది. ఎవరూ కాదనరు. ఫైర్‌మన్ పని ఎంత నరకమో తాతకన్నా బాగా ఎవరికి తెలుసు! మేనెలలో కడప ఎండ, ఎదురుగా కొలిమి. ‘‘ఆ పని పోవడమే మంచిదైంది. మనుషులు సేసే పని కాదది’’ అని ఆయనే అనేవాడు. కానీ నందలూరుకు వచ్చిన చిక్కు వేరు. షెడ్డుకు పని పోయింది. షెడ్డుతోపాటు మనుషులు గుంతకల్లుకో, గుత్తికో, రేణిగుంటకో బదిలీలయ్యారు. క్వార్టర్లు ఖాళీ అయ్యాయి. జీతాల రోజు మామూలు రోజైపోయింది. అంత స్థలం ఉంది కదా, రైల్వేకు సంబంధించిన ఏదైనా పరిశ్రమ పెట్టండని ఊరివాళ్లు అడుగుతూ వచ్చారు. ఎన్నికలప్పుడల్లా ఆ మాట బతికేది. తరవాత మళ్లీ నిద్రపోయేది.

అప్పుడు నాకర్థమైన విషయం ఒకటే. రైలు ఏనాడూ ఊరికోసం ఆగలేదు. నీళ్ల కోసం ఆగింది. ఊరు దాన్ని తనకోసం ఆగినట్టు అనుకుని, ఆ నమ్మకం మీద వందేళ్లు సంసారం చేసింది. రైలుకు ఊరి అవసరం తీరిపోయింది. ఊరికి రైలు అవసరం మాత్రం తీరలేదు.

అదే ఏరు, ఇంకో ముఖం

సీమలో నీళ్లు రాకపోతే రావు. వస్తే ఒక్కసారే వస్తాయి. ఈ రైలుదారికి ఆ సంగతి మొదటినుంచీ తెలుసు. 1902 సెప్టెంబరులో ఇదే లైనులో ముద్దనూరు అవతల మంగపట్నం దగ్గర వాగు పొంగి వంతెన కొట్టుకుపోయింది. రాత్రివేళ వచ్చిన రైలు ఆ వరదలో పడిపోయి పదుల మంది చనిపోయారు.

నూటపందొమ్మిదేళ్ల తరవాత ఆ వంతు చెయ్యేటికి వచ్చింది. 2021 నవంబరు 19 తెల్లవారుజామున కుండపోత వానలకు అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఏటి ఒడ్డున ఉన్న పులపుత్తూరు, మందపల్లె, తోగూరుపేట, గుండ్లూరు వంటి ఊళ్ల మీద నీళ్లు విరుచుకుపడ్డాయి. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఇళ్లు, పశువులు, పొలాలు ఇసుక మేటల కింద కలిసిపోయాయి. రాజంపేట, నందలూరు మధ్య కట్ట కొట్టుకుపోయి రైలు పట్టాలు గాల్లో వేలాడాయి. బండ్లు ఆగిపోయాయి. కొన్నిటిని దారి మళ్లించారు.

ఏ ఏటి నీళ్ల కోసం రైలు ఇక్కడ నిలబడిందో ఆ ఏరే రైలును ఆపేసింది. అప్పుడు నేను ఆఫీసులో వార్తలు చూస్తున్నాను. తెర మీద వేలాడుతున్న ఆ పట్టాలు చూసి అమ్మకు ఫోన్ చేస్తే ఆమె అడిగింది పట్టాల గురించి కాదు. ఆ ఊళ్లలో తనతోపాటు పాసింజరులో బడికి వచ్చిన స్నేహితురాళ్ల గురించి.

రాని రైలు.. ఆగని రైలు

రైలు ఆగడం విలువ తెలియాలంటే అసలు రైలే లేని ఊరి నడగాలి. ప్రొద్దుటూరునే తీసుకోండి. బంగారం వ్యాపారంలో రెండో బొంబాయి అని పేరు. అంత పెద్ద ఊరికి 2016 దాకా రైలు లేదు. బండెక్కాలంటే ఎర్రగుంట్లకు పోవాల్సి వచ్చేది. నంద్యాల నుంచి ఎర్రగుంట్లకు లైను 1990ల మధ్యలో మంజూరైంది. 123 కిలోమీటర్లు. బనగానపల్లె, కోయిలకుంట్ల, సంజామల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా ఆ దారి పూర్తయి బండి నడిచింది 2016 ఆగస్టులో. అంటే ఇరవయ్యేళ్లు! యంత్రాలు లేని కాలంలో మద్రాసు నుంచి ఐదు వందల కిలోమీటర్లకు పైగా పట్టాలు పరిచి రాయచూరు చేరడానికి పట్టింది పదిహేనేళ్లే. మొదటి బండి వచ్చిన రోజున ఆ స్టేషన్లలో జనం పూలదండలు పట్టుకుని నిలబడ్డారంటే వింతేముంది?

ఇక రైలుండీ ఆగని ఊళ్ల బాధ ఇంకోరకం. 2020 మార్చిలో కరోనా వల్ల దేశమంతా ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి. పెద్ద బండ్లు ముందుగా తిరగడం మొదలుపెట్టాయి. పాసింజర్లు ఆలస్యంగా వచ్చాయి. వచ్చినవి కూడా ఎక్స్‌ప్రెస్ ఛార్జీతో వచ్చాయి. పది రూపాయల దూరానికి కనీస టికెట్టు ముప్పై అయింది. చిన్న స్టేషన్లలో కొన్ని బండ్లకు ఆగే అవకాశం పోయింది.

నందలూరు నుంచి రోజూ కడపకు పోయి బట్టల అంగట్లో పనిచేసే అమ్మాయిని ఒకసారి ఊహించుకోండి. రానూపోనూ ఇరవై రూపాయలయ్యేది అరవై అయింది. నెలకు ఇరవయ్యారు రోజులు వేసుకున్నా వెయ్యి రూపాయలకు పైగా తేడా. ఆమె జీతంలో అది ఎన్నోవంతు? పాత ఛార్జీలు మళ్లీ వచ్చింది 2024 ఫిబ్రవరి ఆఖర్లో. నాలుగేళ్లు! ఆలోపు ఎంతమంది అలాంటి అమ్మాయిలు పని మానుకుని ఇంట్లో కూర్చున్నారో ఏ రిజిస్టరులోనూ ఉండదు.

ఒక స్టేషన్లో బండి ఆపాలా వద్దా అన్నది అక్కడ తెగే టికెట్లను బట్టి ఆలోచిస్తారు. ఆగితే ఇంధనం ఖర్చు, ఆలస్యం. అవి రాబట్టాలంటే అన్ని టికెట్లు తెగాలి. వ్యాపారం లెక్కలో తప్పు లేదు. కానీ బండి ఆగకపోతే టికెట్లు ఎలా తెగుతాయి? తెగడం లేదు కాబట్టి ఆపం అంటే ఆ ఊరు ఇంకెప్పటికి లేస్తుంది?

పైగా ఆ లెక్కలోకి రానివి కొన్ని ఉంటాయి. తిరుపతి ఆసుపత్రికి నెలనెలా పోయే ముసలాయన ఒక టికెట్టే. పరీక్షకు పోయే పిల్లా ఒక టికెట్టే. 1990లో మా మామ కూడా, ఎవరూ గుర్తుపట్టని ఆ గడ్డం మనిషి, లెక్కకు ఒక టికెట్టే. ఆరోజు నందలూరులో ఎంతమంది దిగారని రైల్వే పుస్తకాల్లో వెతికితే మహా అయితే ఒక అంకె దొరుకుతుంది. మా అవ్వనడిగితే ఒకే ఒక్కడని చెప్పేది.

ఇంజన్లకు ఇప్పుడు చెయ్యేటి నీళ్లతో పనిలేదు. సరే. కానీ కరువులో గుత్తి దాకా వచ్చిన ధాన్యం కర్నూలు పల్లెలకు చేరలేకపోయిన రోజుల నుంచి ఇప్పటిదాకా ఈ సీమ చెబుతున్నది ఒకటే. పట్టాలుంటే చాలదు, మనిషికి అందేంత దగ్గరలో బండి ఆగాలి. ఇకనైనా దాహం వేసేది మనుషులకే కాబట్టి, వాళ్ల కోసం ఆగితే చాలు. రెండు నిమిషాలే కదా!